పొగతోటలో ఒక మెస్: వడ్డనకు మార్కులు, పార్సిల్‌కు చీవాట్లు

నెల్లూరు పొగతోటలో ఆసుపత్రుల మధ్య సందులో, మేడ మీద నడిచే మెస్ ఇది. పేరు రాయడం లేదు. ఆ చుట్టుపక్కల మెస్‌లన్నీ కొంచెం అటూ ఇటుగా ఇదే పద్ధతి, కాబట్టి ఇక్కడి మంచీ చెడ్డా వాటికీ వర్తిస్తాయి. కింద వంటిల్లు, పైన తొమ్మిది బల్లలు, బల్లకు నలుగురు. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా, రాత్రి ఏడున్నర నుంచి పది దాకా. ఫుల్ మీల్స్ 130, ప్లేట్ మీల్స్ 100, పార్సిల్ 140, చేపల పులుసు విడిగా. నెలవాళ్లకు 60 పూటల కూపన్ పుస్తకం. తినేవాళ్లలో ఎక్కువమంది ఉదయగిరి, ఆత్మకూరు, కందుకూరు, కనిగిరి వైపు నుంచి పేషెంటును తీసుకొచ్చినవాళ్లు. మిగతావాళ్లు మెడికల్ రెప్‌లు, ల్యాబుల్లో పనిచేసే కుర్రాళ్లు, గదుల్లో ఉండి కోచింగ్‌కు పోయే పిల్లలు.

కూర్చుని తింటే ఈ ధరకు ఇంత బాగా పెట్టే చోటు కోసం వెతుక్కోవాలి. పార్సిల్ కట్టించుకుంటే మాత్రం అదే వంట నోట్లో వేరే భోజనంగా తగులుతుంది. ఎందుకలా అన్నది చెప్పాలంటే బోర్డు మీది మాట దగ్గర మొదలుపెట్టాలి. ఈ మెస్ బలమూ బలహీనతా రెండూ ఆ చిన్న మాట అర్థాల్లోనే ఉన్నాయి.

మెస్ అనగానే మనకు భోజనం. ఇంగ్లీషు మీడియం పిల్లలకు చిందరవందర. 'గదంతా మెస్ చేసి పెట్టావు' అని వాళ్లమ్మ తిట్టేది ఇదే మాటతో. ఈ రెండూ వేరు వేరు మాటలనీ, స్పెల్లింగు అనుకోకుండా కలిసిందనీ చాలామంది అనుకుంటారు. ఒకటే మాట. లాటిన్‌లో 'మిట్టెరె' అంటే పంపడం. తర్వాతి కాలపు లాటిన్‌లో దానికి పెట్టడం, ఉంచడం అనే అర్థమూ వచ్చింది. దాన్నుంచి 'మిస్సుస్', బల్ల మీద పెట్టినది. పాత ఫ్రెంచిలో అది 'మెస్' అయింది, ఒక విడత వడ్డన అని. 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చేసరికి 'ఒక పూటకు ఒకరి ముందు పెట్టిన తిండి' అని అర్థం.

ఇది మనకు కొత్త దారేమీ కాదు. 'అన్నం వండింది' అంటే వంట అయిందని మాత్రమే తెలుస్తుంది. 'అన్నం పెట్టింది' అంటేనే కడుపు నిండిందని. పెట్టడం అనే మామూలు క్రియ తెలుగులో తిండి దగ్గరికి ఎలా చేరిందో, మిట్టెరె కూడా అలాగే చేరింది. మెస్ అనే మాట పుట్టింది వంటింట్లో కాదు, వడ్డన దగ్గర. ఈ సమీక్షలో మార్కులు వేసింది కూడా అక్కడే.

అదే మిట్టెరె పిల్లల్లో మిషన్ ఉంది, మిస్సైల్ ఉంది, మెసేజ్, ప్రామిస్, డిస్మిస్ ఉన్నాయి. శామ్యూల్ డే 1840లో నెల్లూరు వచ్చి నడిపిన బాప్టిస్టు మిషన్‌కూ, ఈ సందులో మెస్‌కూ మాటవరసకు చుట్టరికం ఉందన్నమాట. క్యాథలిక్ చర్చిలో జరిగే మాస్ కూడా ఈ ఇంటిదే. ఆరాధన చివర లాటిన్‌లో చెప్పే సెలవు మాటలో ఉన్న 'మిస్సా' నుంచి వచ్చింది. మాస్ సినిమాలో మాస్ మాత్రం వీళ్ల బంధువు కాదు. అది గ్రీకు 'మాజా' నుంచి, అంటే బార్లీ పిండి రొట్టె. లాటిన్‌లో పిండి ముద్ద, అక్కడి నుంచి ఏ ముద్దయినా, చివరికి జనం. ఇక మెస్‌లో 'మేసి' వచ్చామనే హాస్టల్ జోకు జోకే. మేయడం అచ్చ తెలుగు, దానికీ దీనికీ సంబంధం లేదు.

సరే, విస్తరి దగ్గరికి వద్దాం.

ఇక్కడ అరిటాకు. కొస తినేవాడి ఎడమ చేతి వైపుకు వచ్చేలా వేస్తారు. చిన్న విషయమే, కానీ కొత్తగా చేరిన కుర్రాళ్లు తిప్పి వేసినప్పుడు పెద్దాయన వచ్చి సరిచేయడం చూస్తే ఇక్కడ ఎవరో కనిపెడుతున్నారని అర్థమవుతుంది. నీళ్లు చల్లి తుడుచుకున్నాక పైభాగంలో ఎడమవైపు ఉప్పు, ఊరగాయ, రోటి పచ్చడి. కుడివైపు కూర, వేపుడు, అప్పడం. కింది సగం అన్నానికి ఖాళీ. అన్నం పడేలోపు పచ్చళ్లన్నీ పడి ఉండాలి. చాలాచోట్ల తలకిందులుగా జరుగుతుంది, అన్నం పెట్టేసి పప్పు కోసం కూర్చోబెడతారు, ఈలోపు అన్నం మీద పొర కట్టి నెయ్యి కరగదు. ఇక్కడ అన్నం వెనకాలే పప్పు బకెట్, పప్పు వెనకాలే నెయ్యి. మూడూ నిమిషంలోపు.

అన్నం హస్తంతో, అంటే వెడల్పాటి గరిటెతో పెడతారు. నిండు హస్తానికి సుమారు 150 గ్రాములు. మొదటి విడత రెండు హస్తాలు, పప్పుకూ పొడికీ. పులుసుకు ఒకటి, చారుకూ పెరుగుకూ కలిపి ఇంకొకటి అడిగేవాళ్లు మామూలుగా అరకిలో పైగా అన్నం తింటారు. వార్చిన అన్నం బియ్యానికి రెండున్నర నుంచి మూడు రెట్లు తూగుతుంది కాబట్టి కిలో బియ్యం ఐదుగురికి సరిపోతుంది. ఫుల్ మీల్స్ ధర నిలబడేది ఈ లెక్క మీదే. మారు అన్నానికి ముఖం చిట్లించే మెస్ ఏదైనా ఉంటే అది బియ్యం ఖర్చు చూసి కాదు, మనిషి కొరతతో. ఇక్కడ వడ్డనకు నలుగురున్నారు. ఒకటింబావు, రెండు మధ్య వాళ్లలో ఒకణ్ని కౌంటరుకు పిలుస్తారు. ఆ ముప్పావుగంట కూర్చున్నవాళ్లకు చెయ్యి ఎండిపోతుంది. పన్నెండున్నరకు వెళ్లండి, లేదా రెండు దాటాక.

రెండు దాటాక ఇంకో చిక్కు. బియ్యం సన్నరకం. నెల్లూరు పేరు చెబితే ఒకప్పుడు మొలగొలుకులు గుర్తొచ్చేవి, ఇప్పుడు మెస్‌లకు వచ్చేవి సాంబ మసూరి, నెల్లూరు వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎన్‌ఎల్‌ఆర్ 34449 లాంటివి. కోసిన ఆరు నెలలు దాటిన పాత బియ్యమైతే మెతుకు విడివిడిగా ఉబ్బుతుంది, కొత్త బియ్యమైతే అతుక్కుంటుంది. ఈ మెస్‌లో బియ్యం పాతవే. ఎసట్లో పోసి పలుకు విరగ్గానే గంజి వారుస్తారు, పది కిలోల వంతున విడతలుగా. ఒకటిన్నరకు వార్చే విడతే చివరిది. అది హాట్ బాక్సులో మూత కింద గంట దాటిందంటే ఆవిరి నీరై దిగి అడుగు అన్నం చెమ్మ పట్టి ముద్దవుతుంది. కాబట్టి రెండింటికి వెళ్లొచ్చు, రెండున్నర దాటాక వెళ్లొద్దు. వెళ్లక తప్పకపోతే 'పైది పెట్టన్నా' అని అడగండి, వాళ్లేమీ అనుకోరు.

ఆ వార్చిన గంజి పారబోయరు. పొగతోట మెస్ కాబట్టి పదకొండున్నరలోపు చెంబు పట్టుకుని వెళ్తే పేషెంటుకు గంజి ఊరికే పోస్తారు. ముందుగా చెబితే తాలింపు పెట్టకముందే ఉప్పూ కారం లేని పప్పు కూడా ఓ గిన్నె తీసి ఉంచుతారు. 'ఎవురికబ్బయ్యా, ఆపరేషనయిందా?' అని అడుగుతుంది లోపలున్న ఆమె. దానికి వేరే ధర బోర్డు మీద లేదు. ఆసుపత్రి పక్కన ఇలాంటివి ఉండటంలో మాటల పరంగా కూడా న్యాయముంది: హోటల్, హాస్టల్, హాస్పిటల్ మూడూ 'హోస్పెస్' అనే ఒక్క లాటిన్ మాట నుంచి వచ్చాయి. ఆ మాటకు అతిథి, ఆతిథ్యం ఇచ్చేవాడు, రెండర్థాలూ ఉన్నాయి.

పప్పు కందిపప్పే. మామిడికాయ కాలంలో మామిడికాయ, తర్వాత గోంగూర, దోసకాయ, తోటకూర. పప్పు పూర్తిగా మెదిగాకే పులుపు వేస్తారు. ముందే వేస్తే గింజ బిరుసెక్కి ఎంత ఉడికినా పలుకు మిగులుతుంది. చవకలో లాగాలనుకునే చోట కందిపప్పులో పెసరపప్పో మసూరుపప్పో కలుపుతారు. అప్పుడు పప్పు జిగటగా ఉండి, ఆకు మీద పడ్డ రెండు నిమిషాలకే అంచుల్లో నీరు విడిపోతుంది. ఇక్కడ ఆ నీరు కనిపించలేదు. నెయ్యి మాత్రం అసలుదే అయినా పిసినారితనం, చెంచాలో సగం. డాల్డా కలిపిన నెయ్యయితే అంగిట్లో మైనంలా పొర కడుతుంది, వాసన రాదు. ఇది కరుగుతుంది, వాసన వస్తుంది, అయిపోతుంది. రెండోసారి అడిగితే వేస్తారు, అడగకపోతే బకెట్ వెనక్కి పోతుంది.

వేపుళ్ల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. దొండకాయ బాగుంటుంది, ఆలు మామూలు.

బోర్డు మీద రెండో మాట మీల్స్. దీనికీ ఓ కథ ఉంది, మెస్‌కు తలకిందుల కథ. మెస్‌లో ఒకే మాటకు రెండర్థాలు. మీల్‌లో రెండు వేరు మాటలు ఒకే రూపంలోకి వచ్చాయి. భోజనమనే మీల్ పాత ఇంగ్లీషు 'మేల్' నుంచి, దాని అర్థం కొలత, నియమించిన వేళ. అచ్చం మన పూట. పూట అంటే పొద్దులో ఒక భాగం, అదే భోజనానికి లెక్క కూడా: 'రెండు పూటలా తిన్నాడు', 'పూట గడవడం లేదు'. రెండో మీల్ పిండి. అది వేరే పాత మాట, తిరగలి మిల్లుకు బంధువు. నెల్లూరు తీరం వెంబడి రొయ్యల గుంటలవాళ్లు మేతలో ఎంత ఫిష్‌మీల్ ఉందని అడుగుతారే, ఆ మీల్ ఇది. బోన్‌మీల్, ఓట్‌మీల్ కూడా దీని వైపే.

మీల్ రాకముందే మనకు పూటకూళ్ల ఇల్లు ఉంది. పూట, కూడు కలిసిన మాట. కాకతీయుల నాటి ఓరుగల్లును చూపించే క్రీడాభిరామంలో ఒక పూటకూళ్ల ఇంటి భోజనం పద్యంలోనే పట్టీగా ఉంటుంది: కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమ పిండివంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డ పెరుగు, అన్నీ కలిపి ఒక రూక. ఏమేం పెట్టారు, ఎంత తీసుకున్నారు, ఎవరింట్లో, మూడూ చెప్పాడు కవి. సమీక్షకు ఇంతకంటే ఏం కావాలి. పొగతోట మెస్ ఆ పట్టీ ముందు నిలవదు, కానీ పెరుగు విషయంలో పోటీకి వస్తుంది.

పూటకూళ్ల ఇంటి నుంచి మెస్ దాకా ఉన్న దూరాన్ని ఒకే కుటుంబంలో చూడాలంటే ఒంగోలు వెళ్లాలి. టంగుటూరి ప్రకాశం తల్లి సుబ్బమ్మ అక్కడ పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని పెంచారు. కొడుకు బారిస్టరు కావడానికి లండన్ వెళ్లారు. ఆ చదువులో అప్పట్లో పరీక్షలు పాసవడంతోపాటు ఇన్స్ ఆఫ్ కోర్ట్ అనే న్యాయవాద సంస్థలో లెక్క ప్రకారం ఇన్ని రాత్రులు భోజనం చేసి తీరాల్సి వచ్చేది. అక్కడ బల్ల దగ్గర నలుగురిని కలిపి ఒక మెస్ అంటారు. 15వ శతాబ్దానికే ఇంగ్లీషులో మెస్ అంటే తిండి మాత్రమే కాక, ఆ తిండిని కలిసి తినే జట్టు కూడా. పాత్రలోది నలుగురూ పంచుకోవాలి, కాబట్టి నలుగురు.

నౌకాదళంలో జట్టు పెద్దది. ఫిరంగుల మధ్య వేలాడే బల్లల దగ్గర ఆరుగురో ఎనిమిది మందో ఒక మెస్. వంతులవారీగా ఒకడు వెళ్లి తమ జట్టు మాంసం తేవాలి. అందరి మాంసమూ ఒకే కొప్పెరలో ఉడుకుతుంది కనుక ఏ ముక్క ఎవరిదో తెలియడానికి నంబరు బిళ్ల కట్టి వేసేవారు. మన దగ్గరికి మాట పటాలాల నుంచీ, తర్వాత కాలేజీ హాస్టళ్ల నుంచీ వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా నెల్లూరు మద్రాసుతోనే ఉంది. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన గుమాస్తాలకూ విద్యార్థులకూ నెలవారీగా అన్నం పెట్టే చోటును మద్రాసులో ఏమన్నారో ఇక్కడా అదే అన్నారు. హోటల్‌కూ మెస్‌కూ మనం చూసే తేడా ఇదే: హోటల్లో తినేవాడు ఎవరో తెలియదు, మెస్‌లో తెలుస్తుంది. ఈ మెస్‌లో బల్లకు నలుగురు కూర్చోవడం కుర్చీల లెక్కే తప్ప ఇన్స్ ఆఫ్ కోర్ట్ లెక్క కాదులెండి. అయినా నలుగురు నిండితే గానీ పచ్చళ్ల గిన్నె ఆ బల్లకు రాదు. ఒంటరిగా వెళ్తే సగం నిండిన బల్ల చూసి కూర్చోండి, త్వరగా పని అవుతుంది.

ప్లేట్ మీల్స్‌లో రెండు హస్తాల అన్నం, మారు లేదు, పెరుగు చిన్న కప్పులో. 30 రూపాయల తేడాకు ఇది గిట్టదు, బాగా తక్కువ తినేవాళ్లకు తప్ప. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో ఆదికాండం 43వ అధ్యాయం చూడండి: యోసేపు తన ముందున్న వంటకాల్లోంచి అన్నదమ్ములకు 'మెస్'లు పంపుతాడు, చిన్నవాడు బెన్యామీను మెస్ మిగతావాళ్లకంటే ఐదు రెట్లు. పంపడం, వంతు, రెండర్థాలూ ఒకేచోట కనిపించే వాక్యమది. మారు అన్నం ఉన్న ఫుల్ మీల్స్ బెన్యామీనుది, ప్లేట్ మీల్స్ అన్నలది. ఏశావు తన జ్యేష్ఠత్వాన్ని అమ్ముకున్న తిండిని కూడా ఇంగ్లీషులో 'మెస్ ఆఫ్ పాటేజ్' అనే అంటారు. తెలుగు బైబిల్లో అది చిక్కుడుకాయల వంటకం. హీబ్రూలో ఉన్నది ఎర్ర పప్పు. మెస్ పప్పుకు దగ్గరే.

చేపల పులుసు ఈ మెస్‌కు పేరు తెచ్చింది, దాని మీద కాస్త ఎక్కువ మాట్లాడాలి. ముందురోజు రాత్రి వండి ఉంచుతారు. నిన్నటిది పెడుతున్నారని కొత్తవాళ్లు గొణుగుతారు, కానీ పద్ధతి అదే. చింతపండు పులుపు, మామిడికాయ పులుపు ముక్కలోకి దిగడానికి కొన్ని గంటలు కావాలి. కిలో చేపకు పెద్ద నిమ్మకాయంత చింతపండు రెండు ఉండలు, ఓ మోస్తరు పుల్ల మామిడికాయ, వేయించి కొట్టిన ధనియాలు, జీలకర్ర, మెంతుల పొడి. మెంతులు అర చెంచా దాటితే చేదెక్కుతుంది. పులుసు బాగా మరిగి నూనె పైకి తేలాకే చేప వేయాలి. వేశాక పది పన్నెండు నిమిషాలు, అంతే. గరిటె పెట్టకూడదు. పాత్రను రెండు చేతులా పట్టుకుని తిప్పాలి. మామిడి ముక్కలు చేపతో పాటు వేస్తే నలగవు, ముందే వేస్తే పులుసులో కలిసిపోయి కనపడవు.

ఇక్కడ ఇవన్నీ సరిగ్గా చేస్తారు. తప్పు జరిగేది మర్నాడు. పొద్దున ఒకసారి మరిగించి దించాలి, అది చేస్తారు. పన్నెండున్నరకు మళ్లీ, ఒకటిన్నరకు మళ్లీ వేడిచేస్తారు. మూడోసారికి ముక్క పొరలు విడిపోతుంది. పులుసు ఇంకా బాగుంటుంది, ముక్క పోతుంది. కాబట్టి చేప కావాలంటే త్వరగా వెళ్లాలి, పులుసు చాలనుకుంటే ఎప్పుడైనా ఫర్వాలేదు. జూన్ తర్వాత పుల్ల మామిడి దొరకడం తగ్గాక చింతపండు పెంచి సరిపెడతారు. అప్పుడు పులుపు ఒకే తీరుగా, గొంతు వెనక తగిలేలా ఉంటుంది. అది వంటవాడి తప్పు కాదు.

ఏ చేపో అడిగి తినండి. బోర్డు మీద 'చేప' అని మాత్రమే ఉంటుంది. రోజూ దొరికేవి బొచ్చె, శీలావతి, రూప్‌చంద్. కొరమీను వారానికి ఒకటి రెండు రోజులే, ధర వేరు. కొరమీను ముక్క గట్టిగా ఉంటుంది, నడిమి ముల్లు తీస్తే సన్న ముళ్లు పెద్దగా తగలవు. బొచ్చె, శీలావతిలో రెండుగా చీలిన సన్న ముళ్లు కండ నిండా ఉంటాయి. పిల్లలకు పెట్టేటప్పుడు జాగ్రత్త. రూప్‌చంద్‌లో కొవ్వు ఎక్కువ, పులుసు చల్లారితే పైన నూనె తెట్టు మందంగా కడుతుంది. తల కావాలంటే ముందురోజే చెప్పాలి. అది నెలవాళ్లకే పోతుంది, వాదించి లాభం లేదు.

చారు పల్చన, మిరియాల ఘాటుతో. సాంబారు లేకపోయినా ఎవరూ అడగరు. పెరుగు గడ్డగా, కమ్మగా, పూటకు పూట తోడుపెట్టినది. వేసవిలో రెండున్నర తర్వాత పులుస్తుంది, అప్పుడు మజ్జిగ అడగడం మేలు.

ఇప్పుడు పార్సిల్. మాట చరిత్రలోనూ మలుపు ఇక్కడే. 18వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు పశువులకు కలిపి పోసే తిండిని కూడా మెస్ అనడం మొదలుపెట్టారు, మన కుడితి లాంటిది. ఒకరి ముందు పెట్టిన వంతు అనే మర్యాద పోయి, అన్నీ ఒక తొట్టిలో కలిసినది అయింది. అక్కడి నుంచి 19వ శతాబ్దంలో కలగలుపు, గందరగోళం, శుభ్రం లేనితనం. ఇంగ్లీషువాళ్ల వింత అనుకోనక్కర్లేదు. పులగం శుభ్రంగా బియ్యం, పెసరపప్పు వేసి వండే వంటకం, కానీ కలగాపులగం అంటే ఏమిటి? కలగూరగంప అంటే? వంటింట్లో కలిసినవి చూసే మనమూ చిందరవందరకు పేరు పెట్టుకున్నాం.

ఈ మెస్ పార్సిల్ సరిగ్గా ఆ చివరి అర్థంలో మెస్. అన్నం వేడిగా ఉండగానే కవర్లో నొక్కి మూతి బిగిస్తారు, మూడు హస్తాలు. పప్పు, చారు, పెరుగు పల్చటి కవర్లలో పోసి రబ్బరు బ్యాండు. వాటన్నిటినీ సంచిలో అడుగున వేసి మీద అన్నం పెడతారు. బరువుకు ఒక కవరు పిగులుతుంది, ఎక్కువగా చారు. అన్నం ఆవిరి బయటికి పోయే దారి లేక మెతుకులన్నీ అతుక్కుంటాయి. వేపుడూ అప్పడమూ ఒకే కాగితంలో చుట్టడం వల్ల అప్పడం మెత్తబడి నూనె కాగితంలా తయారవుతుంది. పెరుగు కవరు చారు కవరుకు ఆనుకుని గోరువెచ్చబడి నీరు విడుస్తుంది. కింద జాగ్రత్తగా వండినదంతా ఆ నాలుగడుగుల కౌంటరు దగ్గర పాడవుతోంది. పార్సిల్‌కు పది రూపాయలు ఎక్కువ తీసుకుంటూ ఇలా కట్టడం న్యాయం కాదు. మాట ప్రకారం పార్సిల్ అంటే చిన్న భాగం, విడదీసిన వాటా. రిజిస్ట్రేషన్ కాగితాల్లో భూమి ముక్కను పార్సిల్ అనేది అందుకే. ఇక్కడ విడిగా ఉన్నది ఒక్కటీ మిగలదు.

మందు మీ చేతిలోనే ఉంది. నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్ తీసుకెళ్లండి. అడుగు గిన్నెలో చారు, దాని మీద పప్పు, దాని మీద అన్నం, పై గిన్నెలో పెరుగు. వేపుడు, పచ్చడి చిన్న డబ్బాల్లో విడిగా. అన్నం పెట్టాక రెండు నిమిషాలు మూత వేయకుండా ఆగితే ఆవిరి పోతుంది. క్యారియర్ తెచ్చినవాళ్లకు పది రూపాయలు తగ్గిస్తారు, అడిగితేనే. అన్నం కూడా కవరు కొలత కాకుండా చేతికొద్దీ పెడతారు, ఇద్దరికి దాదాపు సరిపోతుంది.

కూపన్ పుస్తకం 60 పూటలకు 6,600, అంటే పూటకు 110. ఫ్రెంచిలో కూపన్ అంటే కత్తిరించిన ముక్క, ఇక్కడా చింపే తీసుకుంటారు. కొనేముందు గడువు అడగండి. ఆదివారం రాత్రి పొయ్యి వెలిగించరు కనుక 30 రోజుల్లో మీరు తినగలిగేది మహా అయితే 56 పూటలు, కొన్ని నెలల్లో 55. గడువు 30 రోజులే అయితే ఒక్కరోజు ఊరికి పోకున్నా నాలుగైదు కూపన్లు నష్టపోతారు, పూట ధర 118 నుంచి 120కి చేరుతుంది. ఈ మెస్‌లో గడువు 40 రోజులు, అది సబబే. పక్కవాటిలో 30 పెట్టేవి ఉన్నాయి. చుట్టాలొస్తే మీ కూపన్లతోనే తినొచ్చు, ఒక పూటకు ముగ్గురికి మించకుండా. చేపల పులుసు కూపన్‌లోకి రాదు. సంక్రాంతికి మూడు రోజులు మూస్తారు, ఆ రోజులు గడువులో కలిపి ఇస్తారా అని అడిగితే క్యాషియర్ పుస్తకం వెనక పెన్నుతో రాసి సంతకం పెడతాడు. రాయించుకోండి.

వెళ్లడానికి గుర్తు: బోర్డులో 'మెస్' అన్న మాట కనిపించదు, మెట్ల పక్కనున్న మందుల షాపు బోర్డు అడ్డం వచ్చింది. మధ్యాహ్నం పూట మెట్ల కింద చెప్పుల గుట్ట చూసి ఎక్కేయండి.